చేయి వణికితే చిన్నచూపు వద్దు



ఇవాళ మనం చేతుల వణుకు గురించి చెప్పుకుందాం. చలికి వణుకుతాం, జ్వరానికి వణుకుతాం, కోపం వచ్చినా వణుకుతాం. అవి కాసేపుండి పోయేవి. నేను చెప్పబోయేది నెలల తరబడి, ఏళ్ల తరబడి మనిషిని వదలని వణుకు సంగతి.

ఇలాంటి వణుక్కి మన ఇళ్లల్లో మూడు మాటలు సిద్ధంగా ఉంటాయి. ముసలివాళ్లకొస్తే "వయసు మీద పడింది" అంటాం. మగవాళ్లకొస్తే "తాగుడేమో" అని గుసగుసలాడుకుంటాం. ఆడపిల్లకొస్తే "ఒట్టి పిరికిది" అని తేల్చేస్తాం. పెళ్లిచూపుల్లో కాఫీ తెచ్చిన పిల్ల చేతిలో కప్పూ సాసరూ టకటకలాడితే ఇక చెప్పాలా? వీధి చివరిదాకా పాకిపోతుంది. నలుగురిలో ముద్ద నోటిదాకా చేరదని పెళ్లి భోజనాలకే వెళ్లడం మానేసిన పెద్దవాళ్లున్నారు. చదువొచ్చి కూడా, సంతకం కుదరక వేలిముద్ర వేసేవాళ్లున్నారు. జబ్బు పెట్టే బాధ కన్నా మన మాటలు పెట్టే బాధే వాళ్లకు ఎక్కువ.

నేను వైద్యురాలిని కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపిన గృహిణిని. చదివి తెలుసుకున్నది మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతున్నాను.

మన మెదడులో కోట్ల కొద్దీ కణాలున్నాయి. అవి సన్నని విద్యుత్తుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మనిషి తలమీద తీగలు పెట్టి ఆ విద్యుత్తును మొదటిసారి గీతలుగా రాయించాడు. 1929లో ఆ సంగతి ప్రకటించాడు. ఆ గీతలు అడ్డదిడ్డంగా లేవు, అలలు అలలుగా ఉన్నాయి. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే సెకనుకు సుమారు 10 అలలు. అంటే మెదడుకు తనదైన తాళం ఉందన్నమాట.

కదలికను నడిపే భాగంలో మరో తాళం ఉంది. అది సెకనుకు 13 నుంచి 30 సార్లు నడుస్తుంది. మనం కదలకుండా ఉన్నంతసేపూ అది బలంగా ఉంటుంది. "గ్లాసు అందుకుందాం" అనుకోగానే తగ్గుతుంది. పని అయిపోయాక మళ్లీ వస్తుంది. వాకిలి గడియ లాంటిదనుకోండి. కదలాలంటే అది తీయాలి, ఆగాలంటే వేయాలి.

కోలాటం చూశారు గదా! తాళం అందరిదీ ఒకటే అయినా ఎవరి అడుగు వాళ్లది. ఒకరు ముందుకొస్తే ఒకరు వెనక్కి వెళతారు. అలా కాక, అందరూ ఉన్నచోటే నిలబడి ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ కొడుతుంటే ఏమవుతుంది? చప్పుడు పెద్దదవుతుంది గాని ఆట సాగదు. వణుకు జబ్బుల్లో మెదడు కణాలకు జరిగేది దాదాపు ఇదే. చిన్నమెదడు, మెదడు నడిమధ్యనున్న థాలమస్, కదలికను నడిపే పైభాగం, వీటి మధ్య తిరిగే కబురు ఒకే దెబ్బకు కట్టుబడిపోతుంది. ఆ దెబ్బే కండరాల్లోకి దిగి, మనకు వణుకుగా కనిపిస్తుంది.

వీటిల్లో తరచుగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది పార్కిన్సన్ జబ్బు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి పుస్తకం రాశాడు గనుక ఆ పేరొచ్చింది. మన ఆయుర్వేదంలో కంపవాతమని చెప్పేదానికీ దీనికీ చాలా పోలికలున్నాయి. ఈ వణుకు చేయి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వస్తుంది, సెకనుకు 4 నుంచి 6 సార్లు. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. బొటనవేలూ చూపుడువేలూ జపమాల తిప్పుతున్నట్టు ఆడతాయి. రోట్లో ఇద్దరు ఆడవాళ్లు వంతులవారీగా రోకళ్లు వేసినట్టు, చేతిని ముడిచే కండరం, చాచే కండరం ఒకదాని తర్వాత ఒకటి లాగుతుంటాయి. గ్లాసు అందుకోబోతే వణుకు కాస్త తగ్గుతుంది.

మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. అది తగ్గితే ఇందాక చెప్పిన గడియ సరిగ్గా తెరుచుకోదు. అందుకే వణుకుతోపాటు కదలిక మందగించడం, ఒళ్లు బిగుసుకోవడం, అక్షరాలు చిన్నవై పోవడం, ముఖంలో నవ్వు తగ్గడం చూస్తాం. "అత్తయ్యగారు ఈమధ్య ముభావంగా ఉంటున్నారు" అనుకుంటాం, అది కోపం కాకపోవచ్చు సుమా!

రెండో రకాన్ని వైద్యులు ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. ఇది చాలామందికి ఉంటుంది. చేయి పనిలో ఉన్నప్పుడే, అంటే కప్పు ఎత్తినప్పుడు, సూదిలో దారం ఎక్కించినప్పుడు, ముగ్గు వేసేటప్పుడు వణుకుతుంది. ఒళ్లో పెట్టుకుంటే సర్దుకుంటుంది. సాధారణంగా రెండు చేతులకూ ఉంటుంది. కొందరికి తల ఆడుతుంది, గొంతూ వణుకుతుంది. తల్లికో తండ్రికో ఉండి పిల్లలకు రావడం కద్దు. చిన్న వయసులోనూ రావచ్చు. ఆ పెళ్లిచూపుల పిల్లది ఇదే అయివుండవచ్చు, పిరికితనం కానక్కరలేదు.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, రెండింటికీ మందులు వేరు. కాబట్టి ఇంట్లో గమనించండి. టీవీ చూస్తూ చేయి ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతోందా, నీళ్లగ్లాసు ఎత్తినప్పుడా? ఒక పక్కనా, రెండు పక్కలా? కాగితంమీద చుట్లు చుట్లుగా గీయమంటే ఎలా గీస్తున్నారు? డాక్టరుగారు కూడా ఇవే అడుగుతారు. వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. థైరాయిడ్ ఎక్కువైనా, కొన్ని ఉబ్బస, మూర్ఛ, మానసిక జబ్బుల మందుల వల్లా, వాంతులు ఆపే కొన్ని మాత్రల వల్లా, తాగుడు అలవాటున్నవాళ్లు హఠాత్తుగా మానేసినా వణుకు వస్తుంది.

పార్కిన్సన్‌కు ముఖ్యమైన మందు లెవోడోపా. 1960ల చివర ఇది చికిత్సలోకి వచ్చింది. మన చేలగట్ల మీద పాకే దూలగొండి గింజల్లో ఈ పదార్థమే ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు చూపించారు. అలాగని గింజలు నూరి మింగించకండి. ఏ గింజలో ఎంత ఉందో మనకు తెలియదు. పప్పు, గుడ్లు, మాంసం, పాలతో కలిపి వేసుకుంటే కొందరికి ఈ మందు సరిగ్గా పట్టదు. భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో డాక్టరుగారిని అడగండి. "తగ్గింది గదా" అని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. రెండో రకానికి ప్రొప్రనలాల్ అనే మందు ఎక్కువగా ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడదు గనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

మందులకు లొంగని కొందరికి మరో దారి ఉంది. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే వైద్యుడు, వణుకు ఉన్న రోగి మెదడులో సన్నని తీగ పెట్టి సెకనుకు 100 సార్లకు పైగా విద్యుత్తు పంపి చూశాడు. వణుకు ఆగింది! పట్టుకుపోయిన తాళాన్ని మరో వేగమైన తాళంతో చెదరగొట్టారన్నమాట. గుండెకు పెట్టే పేస్‌మేకరు లాంటి యంత్రాన్ని ఎదభాగంలో చర్మం కింద అమరుస్తారు. హైదరాబాదులోనూ ఈ చికిత్స ఉంది. మెదడు తాళాన్ని తానే విని, తన బలాన్ని సర్దుకునే యంత్రానికి 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బును ఇవేవీ వేళ్లతో పీకేయవు. మనిషి తన పని తాను చేసుకునేలా చేస్తాయి, అదే పెద్ద ఊరట.

డబ్బు ఖర్చులేని తాళం కూడా ఒకటుంది. పార్కిన్సన్ ఉన్నవాళ్లు గడప దగ్గర కాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతారు. అప్పుడు చేయిపట్టి లాగకండి, పడిపోతారు. పక్కన నిలబడి "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అనండి, లేదా మెల్లగా చప్పట్లు కొట్టండి. నేలమీద సుద్దతో అడుగుకొక అడ్డగీత గీస్తే, దాన్ని దాటాలనే చూపుతోనే చాలామందికి కాలు లేస్తుంది. లోపలి తాళం తప్పినప్పుడు బయటి తాళం ఆసరా ఇస్తుంది.

ఇంకొక్క మాట. కంగారుపడితే ఏ రకం వణుకైనా పెరుగుతుంది. అందుచేత "వణక్కు, జాగ్రత్త" అని హెచ్చరించడం వల్ల కప్పు ఇంకా ఒలుకుతుంది. కాఫీ సగం గ్లాసుకే పోయండి. పిడి ఉన్న బరువైన గ్లాసు, పెద్ద చెంచా ఇవ్వండి. ఒలికితే మాట్లాడకుండా తుడిచేయండి. పంక్తిలో వాళ్ల పక్కన మీరే కూర్చోండి. నెలల తరబడి వణుకు ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, "వయసు" అని వదిలేయకుండా ఈ వారంలోనే నరాల వైద్యుడికి చూపించండి.