లజ్జకు కొత్త అర్థం చెప్పిన విదుషీమణి

విద్యకు మతభేదం లేదని పెద్దలు చెప్పుదురు. స్త్రీపురుష భేదమూ లేదని తన జీవితంతో నిరూపించిన మహనీయురాలు సుగ్రా హుమాయూన్ మీర్జా. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందూపురం, ధర్మవరం ప్రాంతాల నుండి హిందువులు సైతం వెళ్ళి మొక్కులు తీర్చుకొనుట మన సీమలో అనాదిగా ఉన్నదే. కానీ ఆ మతంలో వెలసిన విదుషీమణుల చరిత్ర మనకు తెలిసినది బహు స్వల్పం.

పరదా దాటిన బేగం

సుగ్రా బేగం 1884లో హైదరాబాదులో జన్మించారు. భర్త హుమాయూన్ మీర్జా న్యాయవాది. ఘోషా కఠినంగా పాటించిన ఆ కాలంలో పరదా వీడి సభలలో ప్రసంగించిన తొలి హైదరాబాదు మహిళలలో ఆమె ఒకరు. ‘అన్నిసా’ అను ఉర్దూ పత్రికకు సంపాదకత్వం వహించారు. ‘మోహిని’ వంటి నవలలు, యాత్రారచనలు వెలయించారు. 1934లో బాలికల కొరకు సఫ్దరియా పాఠశాలను స్థాపించారు. 1958లో పరమపదించారు.

ఆమె కలం పేరు ‘హయా’. అనగా లజ్జ. పరదా విడిచిన స్త్రీ ఈ పేరు ధరించుటలో గొప్ప అంతరార్థం గోచరిస్తుంది. లజ్జ వస్త్రంలో లేదు, శీలంలో ఉన్నది. ముఖం కప్పినంత మాత్రాన అది రాదు, అక్షరం నేర్చినంత మాత్రాన పోదు.

ఆచారమా? శాస్త్రమా?

ఖురాన్‌లో తొలుత అవతరించిన ఆదేశమే ‘చదువుము’ అని. ప్రవక్త సతీమణి ఆయిషా రెండు వేలకు పైగా హదీసులను లోకానికి అందించినట్లు ఇస్లామీయ సంప్రదాయం చెప్పుచున్నది. మరి ఆడపిల్లను చదువుకు దూరం చేసినది మతమా, లోకాచారమా? మన మీమాంసకులూ ఇదే ప్రశ్న వేశారు. శ్రుతికి విరుద్ధమైన స్మృతి చెల్లదు, స్మృతికి విరుద్ధమైన ఆచారమూ చెల్లదు అని నిర్ణయించారు. బృహదారణ్యకంలో గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినది. ధనమును కాదని అమృతత్వ మార్గమును అడిగినది మైత్రేయి. వారిని వారించిన శ్రుతివాక్యం లేదు.

మన కర్తవ్యం

ఈడు నిండని కుమార్తెకు ముహూర్తం పెట్టమని కోరుచు వచ్చే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. ‘మా ఇంటి ఆచారం స్వామీ’ అందురు. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లకు వివాహం చట్టవిరుద్ధం. అట్టి పెండ్లికి పంచాంగం తెరువబోనని నేను వారితో చెప్పుదును. పురోహితుడైనా, ఖాజీ అయినా ఈ ఒక్క మాటపై నిలిచినచో ఎందరో బాలికల చదువు నిలుచును.

ధర్మవరం మగ్గాల ఇండ్లలో కండెలు చుట్టే చిట్టిచేతులు పుస్తకమును కూడ పట్టవలెను. సరస్వతీదేవి చేతిలో పుస్తకం ఉంచి పూజించే మనం, ఇంటిలోని బాలిక చేతి నుండి దానిని తీసివేయుట ఏ పూజ అగును?