రాత్రిపూట కెమెరా ఎందుకు ఆగిపోతుంది? ఈథర్‌నెట్ కేబుల్‌లో కరెంటు కథ

పగలంతా చక్కగా పనిచేసిన సీసీ కెమెరా చీకటి పడగానే ఆగిపోతుంది. కాసేపటికి దానంతటదే మొదలై, మళ్లీ ఆగిపోతుంది. కెమెరా పాడైందనుకుని మార్చేస్తే, కొత్తది కూడా అదే వరుస. ఇలాంటప్పుడు చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, దానికి కరెంటు మోసుకొచ్చే తీగది. చీకట్లో చూడటానికి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి. దాంతో కరెంటు వాడకం పెరుగుతుంది. సన్నని పొడవాటి తీగ సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది. ఏ వేళలో కాపలా కావాలని కెమెరా పెట్టుకున్నామో, ఆ వేళకే అది ఉండదన్నమాట.

నెట్‌వర్క్ కెమెరాలకు ఈ ఇబ్బంది తప్పించే మార్గం ఒకటుంది. వీడియోను తెచ్చే ఈథర్‌నెట్ కేబుల్‌లోనే కరెంటునూ పంపడం. దీన్నే 'పవర్ ఓవర్ ఈథర్‌నెట్', పొట్టిగా పీఓఈ అంటారు. కెమెరా దగ్గర వేరే ప్లగ్ పాయింటు అక్కర్లేదు. వానకు తడిసే గోడ మీదుగా 230 వోల్టుల వైరు లాగాల్సిన పనీ లేదు.

12 వోల్టులా, 48 వోల్టులా?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. గేటు దగ్గర 6 వాట్ల కెమెరా ఉంది. అడాప్టర్ ఇంట్లో ఉంది. మధ్య దూరం 30 మీటర్లు. 12 వోల్టుల మీద 6 వాట్లు కావాలంటే 0.5 ఆంపియర్ల కరెంటు పారాలి. ఈథర్‌నెట్ కేబుల్‌లో ఉండే సన్నని రాగి తీగకు మీటరుకు సుమారు 0.09 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లడానికో తీగ, తిరిగి రావడానికో తీగ కావాలి కాబట్టి మొత్తం 60 మీటర్లు. అంటే 5.4 ఓమ్‌లు. ఓమ్ సూత్రం ప్రకారం 0.5ను 5.4తో గుణిస్తే 2.7 వోల్టులు. ఇంత వోల్టేజీ దారిలోనే పోతే కెమెరాకు చేరేది 9.3 వోల్టులే. వోల్టేజీ తగ్గేకొద్దీ అదే 6 వాట్ల కోసం కెమెరా సర్క్యూట్ ఇంకాస్త కరెంటు లాగుతుంది, నష్టం ఇంకా పెరుగుతుంది. చివరికి కెమెరా ఆగిపోతుంది.

అదే 6 వాట్లను 48 వోల్టుల మీద పంపితే 0.125 ఆంపియర్లు చాలు. దారిలో పోయేది 0.7 వోల్టులకు మించదు. తీగలో వేడిగా పోయే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు నాలుగో వంతుకు తగ్గితే నష్టం పదహారో వంతుకు తగ్గుతుంది. మన పొలాల మీదుగా వెళ్లే హైటెన్షన్ లైన్ల వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. పైగా పీఓఈలో కరెంటు పోవడానికి ఒక జత తీగలు, రావడానికి మరో జత వాడతారు. దాంతో నిరోధం ఇంకో సగం తగ్గుతుంది.

48 వోల్టుల సంఖ్య కూడా కొత్తదేమీ కాదు. కరెంటు పోయినా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఫోను మోగేది, గుర్తుందా? టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోని 48 వోల్టుల బ్యాటరీలే మాట మోసే తీగల మీదుగా ఫోనుకు శక్తినీ అందించేవి.

కరెంటు, వీడియో కలిసిపోవా?

ఈథర్‌నెట్ కేబుల్‌లో మెలితిప్పిన నాలుగు జతల తీగలుంటాయి. సమాచారం జతలోని రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాగా వెళ్తుంది. ఒకదానిలో పెరిగితే రెండోదానిలో అంతే తగ్గుతుంది. అవతలి కొసన ఉన్న పరికరం ఆ తేడాను మాత్రమే చదువుతుంది. పీఓఈ చేసేదల్లా జతలోని రెండు తీగల వోల్టేజీనీ సమానంగా పైకి లేపడం. లిఫ్టులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఏ అంతస్తుకు వెళ్లినా వాళ్ల ఎత్తుల్లో తేడా మారదు కదా! ఇదీ అంతే. ఇందుకోసం కేబుల్ రెండు కొసల్లోనూ ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టల నడిమధ్య నుంచి కరెంటును ఎక్కించి, దించుతారు.

ముందు ప్రశ్న, ఆ తర్వాతే కరెంటు

మరి అదే పోర్టులో పొరపాటున ల్యాప్‌టాప్ కేబుల్ పెడితే? 48 వోల్టులు దూసుకెళ్లి దాన్ని కాల్చేయవా? అలా జరగకుండా పీఓఈ స్విచ్ ముందుగా విచారిస్తుంది. 10 వోల్టులకు అటూఇటుగా మించని చిన్న వోల్టేజీని పంపి చూస్తుంది. పీఓఈ కెమెరాలో సుమారు 25 వేల ఓమ్‌ల నిరోధం గుర్తింపు కార్డులా పనిచేస్తుంది. అది కనిపిస్తేనే స్విచ్ ముందుకెళ్తుంది. తర్వాత వోల్టేజీని కొద్దిగా పెంచి, ఎన్ని వాట్లు కావాలో తెలుసుకుంటుంది. ఆపైనే 44 నుంచి 57 వోల్టుల మధ్య అసలు కరెంటు వదులుతుంది. కేబుల్ ఊడదీస్తే కరెంటు వాడకం పడిపోయిందని గమనించి, అర సెకను లోపే ఆపేస్తుంది.

ఈ నియమాలను ఐట్రిపుల్ఈ సంస్థ 2003లో 802.3ఏఎఫ్ ప్రమాణంగా ఖరారు చేసింది. దాని ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరాకు 12.95 వాట్లు గ్యారంటీ. మిగతా 2.45 వాట్లు ఎక్కడికి పోయాయి? 100 మీటర్ల కేబుల్‌కు గరిష్ఠంగా 20 ఓమ్‌లు, కరెంటు 0.35 ఆంపియర్లు అనుకుని లెక్క కడితే తీగలో వేడిగా పోయేది సరిగ్గా అంతే. 2009లో ఈ పరిమితిని 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెంచారు. మామూలు ఇంటి కెమెరాకు మొదటి ప్రమాణమే సరిపోతుంది.

కొనేముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం కేబుల్. మార్కెట్లో చవగ్గా దొరికే సీసీఏ కేబుల్‌లో అల్యూమినియం తీగకు పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. స్వచ్ఛమైన రాగితో పోలిస్తే దాని నిరోధం సగానికి పైగా ఎక్కువ. వంచినచోట తేలిగ్గా విరుగుతుంది కూడా. డబ్బా మీద 'ప్యూర్ కాపర్' అని ఉందో లేదో చూసి, తీగ కొసను గీరి లోపల తెల్లగా ఉందేమో పరిశీలించాలి.

రెండోది 'పాసివ్ పీఓఈ' అని అమ్మే పెట్టెలు. ఇవి ఏ ప్రశ్నా అడగకుండా నేరుగా వోల్టేజీ పంపేస్తాయి. దానికి సరిపడని పరికరం తగిలిస్తే పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి స్విచ్ మీద 802.3ఏఎఫ్ లేదా 802.3ఏటీ అని రాసి ఉందో లేదో చూడండి. నాలుగు పోర్టులున్నాయి కదా అని సరిపెట్టుకోక, అన్ని పోర్టులకూ కలిపి మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో అడగండి. రాత్రి ఎల్ఈడీలు వెలిగినప్పటి వాడకాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పటికే 12 వోల్టుల నెట్‌వర్క్ కెమెరా ఉన్నవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. ఇంట్లో ఇంజెక్టర్, కెమెరా దగ్గర స్ప్లిటర్ పెడితే, తీగ పొడవునా 48 వోల్టులు ప్రయాణించి చివర్లో 12కు మారతాయి. కోయాక్సియల్ కేబుల్‌తో నడిచే పాత అనలాగ్ కెమెరాలకు మాత్రం ఈ పద్ధతి కుదరదు.

ఇంటి బయట, మేడ మీద లాగిన పొడవాటి కేబుల్‌కు పిడుగుల బెడద ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడ్డా ఆ కేబుల్‌లో పుట్టే వోల్టేజీ స్విచ్ దాకా రాగలదు. సరైన ఎర్తింగ్‌తో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించడం మంచిది.

అన్ని కెమెరాలకూ కరెంటు ఒకేచోటి నుంచి వెళ్తుంది కాబట్టి, స్విచ్‌కు, రికార్డరుకు, రౌటరుకు కలిపి ఒక్క యూపీఎస్ పెడితే చాలు. 6 వాట్ల కెమెరాలు నాలుగున్నా మొత్తం 24 వాట్లే. వీధిలో కరెంటు పోయినా, ఎవరైనా మెయిన్ స్విచ్ ఆపేసినా, ఆ యూపీఎస్‌లో చార్జి ఉన్నంతసేపూ గేటు దగ్గరి కెమెరా చూస్తూనే ఉంటుంది.