మీకు తెలుసా? బంతాయన్ దీవిలో పొద్దున్నే ఎండుచేప

ఫిలిప్పీన్స్‌లో సెబూ దీవి ఉత్తర కొసకు పడమరగా బంతాయన్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి జాలరుల ఇళ్లలో పొద్దుటి తిండి అంటే ఎక్కువగా ఎండుచేపే. 'దాంగ్గిట్' అనే చేపను చీల్చి, ఉప్పు పట్టించి ఎండబెడతారు. దాన్ని కరకరలాడేలా వేయించి, వెల్లుల్లితో వేయించిన అన్నంలో నంజుకుంటారు. పక్కన గిన్నెలో వినెగర్ ఉండాల్సిందే.

ఆ ప్రాంతంలో వినెగర్‌ను కొబ్బరి కల్లుతోనూ చేస్తారు. కల్లును బాగా పులవనిస్తే చాలు, అదే వినెగర్ అవుతుంది. పచ్చి చేప ముక్కల్ని అందులో వేసి అల్లం, ఉల్లి, మిరపకాయలు కలిపితే 'కినిలావ్' తయారు. పొయ్యితో పనే లేదు! పులుపు తగిలిన కాసేపటికే చేప ఉడికినట్టు తెల్లబడుతుంది. కానీ అది నిజంగా ఉడకడం కాదు, అందులోని పరాన్నజీవులూ చావవు. కాబట్టి చేప ఎంత తాజాగా ఉన్నా కొంత ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ప్రయత్నించాలనుకునేవారు ఈ సంగతి మరవొద్దు.

సున్నపురాతి నేలల సెబూలో వరి తక్కువ. అందుకే చాలామంది మొక్కజొన్న రవ్వనే అన్నంలా వండుకుంటారు. ఆ పంట స్పెయిన్ పాలన కాలంలో మెక్సికో నుంచి వచ్చింది.

మరి వలలో చేప పడని రోజున? మునగాకు, గుమ్మడికాయ ముక్కలు వేసి కాచిన పల్చటి పులుసు, నంజుకోవడానికి 'గినమోస్'. అంటే చిన్న చేపల్ని ఉప్పేసి పులియబెట్టిన ముద్ద. దాని వాసనకు కొత్తవాళ్లు ముక్కు మూసుకోవచ్చు గానీ, మునగాకు పులుసు మాత్రం మనవాళ్లకు మొదటి ముద్దకే నచ్చుతుంది.