సిర లోపలి జేబులు

డాలస్ నుంచి ఒక పాఠకురాలు రాశారు: "అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఎకానమీలో కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందట. అప్పు చేసైనా బిజినెస్ క్లాసు టికెట్లు తీయమంటారా?" అప్పు చేయొద్దమ్మా. ఎందుకో చెప్పాలంటే సిర లోపలికి వెళ్లాలి, నాకూ కావలసింది అదే!

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్క లోతుల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి, గుండె మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోయి ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ గడ్డ సరిగ్గా ఎక్కడ మొదలవుతుందన్నదే అసలు కథ.

కాలి సిరల్లో అక్కడక్కడా కవాటాలుంటాయి. పైకెక్కిన రక్తం మళ్లీ కిందికి జారకుండా అడ్డుపడే పల్చటి రెక్కలవి. 1603లో వీటి మీద పుస్తకమే రాసిన పాదువా ఆచార్యుడు ఫాబ్రిషియస్, రక్తం కాళ్లూచేతుల్లోకి వరదలా పారకుండా ఇవి ఆపుతాయనుకున్నాడు. కవాటాలను కళ్లారా చూశాడు, దిక్కు మాత్రం తలకిందులుగా చదివాడు! ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో ఆ లెక్క సరిచేశాడు. మీరూ చేసి చూడండి. చేయి కిందికి వేలాడదీసి, ముంజేతి మీద ఉబ్బిన సిరను మణికట్టు వైపు ఒక వేలితో నొక్కిపట్టి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తోసేయండి. కవాటం దాటేలా తోస్తే, ఆ పై వేలు తీసినా కింది భాగం ఖాళీగానే ఉంటుంది. కింది వేలు తీయగానే నిండుతుంది.

ప్రతి రెక్కకూ సిర గోడకూ మధ్య చిన్న జేబు ఉంటుంది. నడుస్తున్నప్పుడు పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా రక్తం ఊపుగా పైకి పోతూ ఆ జేబులో సుడి తిరిగి, పాత రక్తాన్ని బయటికి లాగేస్తుంది. పిక్క ఊరుకుంటే జేబు అడుగున ఉన్న రక్తం అక్కడే నిలిచిపోతుంది. గోడ కణాలు అందులోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి, కొత్తది రాదు. 1981లో హేమర్, మలోన్, సిల్వర్ అనే పరిశోధకులు ఈ జేబుల్లోనే ఆక్సిజన్‌ను కొలిచారు. ప్రవాహంలో ఊపు పోగానే అది చకచకా పడిపోయింది, ఊపు రాగానే కోలుకుంది. ఊపిరాడని గోడ కణాలు పి-సెలెక్టిన్ లాంటి జిగురు అణువులను బయటపెడతాయి. వాటికి తెల్లకణాలు అతుక్కుంటాయి, టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ గడ్డకట్టే గొలుసును కదిలిస్తుంది, ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి, ఎర్రకణాలు వలలో చేపల్లా చిక్కుకుంటాయి. బర్మింగ్‌హామ్‌లో పాథాలజిస్టు సైమన్ సెవిట్ శవపరీక్షల్లో చూసిన పసి గడ్డలు ఈ జేబుల్లోనే మొలిచాయి.

ఇందులో విమానం ప్రమేయమేముంది? 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు షెల్టర్లలో జనం కాన్వాస్ కుర్చీల్లోనే రాత్రంతా నిద్రపోయేవారు. కుర్చీ ముందరి కర్ర తొడల కింద ఒత్తుకునేది. ఊపిరితిత్తుల్లో గడ్డలతో చనిపోయేవారు పెరిగారని పాథాలజిస్టు కీత్ సింప్సన్ అప్పుడే 'లాన్సెట్' వైద్య పత్రికలో రాశాడు. అయినా 1977లో సిమింగ్టన్, స్టాక్ అనే వైద్యులు ప్రయాణం తర్వాత వచ్చే ఈ గడ్డలకు 'ఎకానమీ క్లాస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు, అదే అతుక్కుపోయింది. పాపం ఎకానమీ! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది వేరు: నాలుగు గంటలు దాటిన ప్రయాణం ఏదైనా సరే, విమానమైనా రైలైనా బస్సైనా కారైనా, ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అలా రెట్టింపయ్యాక కూడా ఆరోగ్యవంతుల్లో 6,000 మందిలో ఒకరికే. క్యాబిన్‌లో ఆక్సిజన్ తగ్గడమే కారణమన్న వాదన కూడా నిలవలేదు. 2006లో 73 మంది ఆరోగ్యవంతులను అలాంటి గాలిలో ఎనిమిది గంటలు కూర్చోబెట్టి చూస్తే, వాళ్ల రక్తం గడ్డకట్టే తీరులో చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు.

ఇక చేయాల్సిన పనుల సంగతి. లోకమంతా మంచినీళ్ల సీసాల గురించే మాట్లాడుతుంది, పిక్కను పట్టించుకోదు! నడవా పక్క సీటు అడగండి. కిటికీ పక్కవాళ్లు లేవరు, అదే వాళ్లకు చేటు. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతుండమనండి. ఇటీవల ఆపరేషన్ అయినా, క్యాన్సర్ ఉన్నా, ఇంతకుముందు గడ్డ వచ్చినా డాక్టర్‌ను అడగాలి. బిగుతు మేజోళ్లు వేసుకోవాలో వద్దో ఆయనే చెబుతారు. సొంత వైద్యంగా ఆస్పిరిన్ వద్దు. దిగిన తర్వాత రెండు మూడు వారాల్లో ఒక కాలే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా జెట్‌లాగ్ అని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.