వెండి పట్టిన గోడలు

కెనడాలోని సర్రీలో, మెట్ట నుంచి పల్లానికి దిగే వాలుల్లో, పాత చెక్క బార్న్‌లు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. వాటిని ఫొటో తీయాలంటే ఏం చూడాలి? ఫ్రేములోంచి ఏం తీసేయకూడదు?

రంగు వేయని పాత చెక్క గోడను అరచేత్తో నిమిరితే గీతలు గీతలుగా తగులుతుంది. వసంతంలో చెట్టు చురుగ్గా పెరిగినప్పుడు కట్టిన పొర మెత్తన. వేసవి చివర నెమ్మదిగా కట్టిన పొర గట్టిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని విరిచేస్తాయి, వాన దాన్ని కడిగేస్తుంది. మెత్తటి పొర ముందు అరిగిపోతుంది, గట్టిది గట్టులా మిగులుతుంది. పైన మిగిలిన సెల్యులోజ్ పీచుకు సన్నటి బూజు తోడై ఆ వెండి ఛాయ వస్తుంది. పైన్, ఫర్ లాంటి కలప ఇలా నూరేళ్లకు సుమారు 6 మిల్లీమీటర్లు అరుగుతుందని కలప శాస్త్రవేత్తల అంచనా. ఈ ప్రాంతపు ఎర్ర సీడర్ మరింత మెత్తన, ఇంకా ఎక్కువ అరుగుతుంది.

 ఈ కథనాన్ని చరిత్రతో మొదలుపెడదామనుకున్నాను. గోడ దగ్గర నిలబడ్డాక అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. ఇందులో ఎక్కువ చోటు ఆ గోడకే.

బార్న్ అంటే పశువుల పాక, గడ్డివామి, పనిముట్ల కొట్టు అన్నీ ఒకే కప్పు కింద. గోడకు నిలువుగా కొట్టిన పచ్చి చెక్కలు ఆరేకొద్దీ కుంచించుకుపోయి మధ్యలో సందులు పడతాయి. రైతు వాటిని పూడ్చడు, ఎందుకంటే గడ్డికి గాలి కావాలి. 20 శాతాన్ని మించిన తేమతో గడ్డిమోపులు పేరిస్తే లోపల సూక్ష్మజీవులు పనిచేసి వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గడ్డి తనంతట తానే అంటుకోవచ్చు. ఫొటోల్లో మనం మెచ్చుకునే వెలుగు చారలు పడేది బార్న్ కాలిపోకుండా కాపాడిన ఈ సందుల్లోంచే. ఇది తెలిసి చూస్తే గోడ మరింత అందంగా కనిపిస్తుంది నాకు.

ఇక వెలుగు సంగతి. సర్రీ దక్షిణపు హద్దు 49వ అక్షాంశం, అంటే అమెరికా సరిహద్దే. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు 18 డిగ్రీలకు మించి లేవడు. అదే రోజు గుంటూరులో 50 డిగ్రీల దాకా లేస్తాడు. మన దగ్గర పొద్దున్నా సాయంత్రమూ మాత్రమే దొరికే ఏటవాలు ఎండ ఇక్కడ చలికాలమంతా, పగలంతా ఉంటుంది. మబ్బు విడవాలి, అంతే. మధ్యాహ్నం దాటీ దాటగానే పడమటి గోడ వైపు వెళ్లండి. ఎండ గోడను రాసుకుంటూ పోయే ఆ కాసేపట్లో చెక్క గట్లు, మేకుల తలలు, తుప్పు కారిన చారలు ఒక్కసారిగా పైకి తేలతాయి. మబ్బు పట్టిన రోజైతే ఆకాశాన్ని వదిలేసి గోడకు దగ్గరగా జరగాలి. వాన వెలిసిన వెంటనే తడి సీడర్ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, అదీ వదులుకోకూడనిదే. లోపలి నుంచి తీసేటప్పుడు చీకటికి కొలిస్తే సందులు తెల్లగా పేలిపోతాయి, సందులకు కొలిస్తే లోపలంతా నల్లబడుతుంది. వేర్వేరు ఎక్స్‌పోజర్లతో కొన్ని తీసుకోవాలి.

చరిత్ర క్లుప్తంగా: ఇది సెమియామూ, క్వాంట్లెన్, కాట్జీ ఆదివాసుల నేల. 1879లో సర్రీ మునిసిపాలిటీ అయింది. అడవి నరికారు, సర్పెంటైన్, నికొమెకల్ నదులకు కరకట్టలు కట్టారు, గడ్డి, పాడి సాగాయి. 1973లో సర్రీ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం సాగుభూమి రక్షణ చట్టం తెచ్చింది. సర్రీలో దాదాపు మూడోవంతు భూమి దాని కింద ఉంది. 1993లో నగరమైంది. 2021 జనగణనలో జనాభా 5,68,322.

చట్టం పొలాన్ని కాపాడింది కానీ బార్న్‌ను కాదు. పాడి తగ్గి బ్లూబెర్రీ వచ్చాక గడ్డి దాచే పెద్ద కప్పుతో చాలామంది రైతులకు పని లేదు. కప్పు కారితే మరమ్మతుకు డబ్బు పెట్టేదెవరు? ఒక్క కప్పు రేకు లేచినా చాలు, నీరు దూలాల అతుకుల్లోకి దిగుతుంది. చెక్క ఎండకు అరిగేది పైపైనే, కుళ్లేది మాత్రం తడి నిలిచిన చోట. అందుకే ఫొటో తీసేటప్పుడు కప్పు అంచునూ, గోడ నేలను తాకే చోటునూ వదలకండి. ఆ బార్న్ ఇంకెన్నాళ్లుంటుందో అక్కడే తెలుస్తుంది.

నాకు నచ్చనిదొకటి చెప్పాలి. అమెరికాలోని గ్రాండ్ టీటన్ పర్వతాల ముందున్న మౌల్టన్ బార్న్ ఫొటో చూడనివారు తక్కువ. దాని ప్రభావంతో ఇక్కడా కరెంటు తీగలు, టౌన్‌హౌస్‌లు, బ్లూబెర్రీ వరుసలు తప్పించి, వెనక 3,286 మీటర్ల బేకర్ కొండను మాత్రం పెట్టి తీస్తారు. కొండ ఉండనివ్వండి, టౌన్‌హౌస్ కూడా ఉండనివ్వండి. పదేళ్ల తర్వాత ఎవరైనా ఈ బార్న్ ఎక్కడుండేదని అడిగితే చెప్పగలిగేది ఆ పక్క ఇళ్లే.

ఎక్కడ చూడొచ్చు?
ఎల్గిన్ హెరిటేజ్ పార్కులో, నికొమెకల్ ఒడ్డున 1890ల నాటి స్టీవర్ట్ ఫామ్ ఉంది. నగరపాలక సంస్థ దాన్ని కాపాడుతోంది, గుంజలు పాతి కట్టిన అక్కడి పోల్ బార్న్‌ను తీరిగ్గా చూడొచ్చు. పక్కనే లాంగ్లీ వైపు క్యాంప్‌బెల్ వ్యాలీ పార్కులో పాత రౌలట్ వ్యవసాయక్షేత్రం ఉంది. మిగతావి చాలావరకు ప్రైవేటు భూములు. రోడ్డు మీంచి తీయండి, లేదా తలుపు తట్టి అడగండి.

లోపల ఉండేవాళ్లు
పాత బార్న్ దూలాల మీద బార్న్ ఔల్ కాపురం ఉంటుంది. తెల్లటి ముఖం హృదయాకారంలో ఉండే గుడ్లగూబ ఇది. పశ్చిమ కెనడాలోని ఈ పక్షులను 2010లో ముప్పు ఎదుర్కొంటున్నవిగా గుర్తించారు. పాత చెక్క కట్టడాలూ, ఎలుకలు దొరికే గడ్డిభూములూ తగ్గడం ప్రధాన కారణాలు. గూడు కనిపిస్తే ఫ్లాష్ వేయకుండా వెనక్కి వచ్చేయండి.

మన వైపు బ్యారన్లు
ఇలాంటి పాత కట్టడాలు మనకూ ఉన్నాయి: జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం పొలాల్లోని పొగాకు బ్యారన్లు. కర్రలకు అల్లిన పచ్చాకును అంతస్తులుగా వేలాడదీసి, కింద ఇనుప గొట్టాల్లో కట్టెల పొయ్యి వేడి పంపి, దాదాపు వారం పాటు ఆరబెడతారు. ఆ పొయ్యి నోటి దగ్గర మసి, గోడ మీద పొగచారలు ఫొటోకు ఎంతో బాగుంటాయి. పని ఆగిపోయిన బ్యారన్ మీ ఊళ్లో ఉంటే ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు నాలుగు వైపులా తీయండి, పక్కన పెరిగిన పామాయిల్ తోటతో సహా. ఫొటో వెనక ఊరిపేరు, తేదీ, ఎవరి కాలంలో కట్టారో రాసి పెట్టండి.