కొబ్బరి పొట్టు – నారు పెంపకమునకు దాని యుపయోగము

కొబ్బరి డొక్కనుండి పీచు తీయగా మిగులు పొట్టును మన రైతులు చిరకాలము పనికిరాని చెత్తగా నెంచిరి. డొక్క బరువులో నూటికి సుమారు 30 పాళ్లు మాత్రమే పీచు. తక్కిన 70 పాళ్లును ఈ పొట్టే. కోనసీమలో పీచు మిల్లుల చెంత నిది గుట్టలుగా పేరుకొనును. ఇది త్వరగా కుళ్లదు. వానకు దీని వగరురసము దిగి కాలువనీటిని చెఱచును. వేసవిలో నిప్పంటుకొన్నచో దినములకొలది లోలోన రగులుచుండును.

శీతలదేశముల తోటమాలులు నారు పెంచుటకు పీట్ అను పదార్థమును వాడుదురు. చిత్తడినేలలలో నాచు మొదలగునవి నీటియడుగున సగము కుళ్లి, వేలయేండ్లుగా పేరుకొనిన పొరయే పీట్. అది యేటికి సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఒక అడుగు త్రవ్విన 300 ఏండ్ల కూడిక పోవును. భూతలమున నూటికి 3 పాళ్లు మాత్రమే యున్న యా నేలలు లోకమందలి యడవుల చెట్లన్నిటికంటె నెక్కువ కర్బనమును దాచియున్నవి. త్రవ్వినచో నది గాలిలో కలిసి భూమి వేడిమిని పెంచును. అందుచేతనే ఐర్లండు ప్రభుత్వసంస్థ యగు బోర్డ్ నా మోనా 2021లో పీట్ త్రవ్వకమును మానినది. కొబ్బరిచెట్టన్ననో యేటేట డొక్క నిచ్చుచునే యుండును.

పొట్టు తన బరువునకు అయిదారు రెట్లు నీటిని పట్టియుంచును. అయినను వేళ్లకు గాలి యాడనిచ్చును. 98 గుంటల పళ్లెములలో మిరప, టమాట, వంగ నారు పెంచువారు దీనినే వాడుచున్నారు.

అయితే పచ్చి పొట్టును నేరుగా వాడరాదు. ఇందు రెండు దోషములు కలవు.

మొదటిది ఉప్పు. సముద్రతీరపు డొక్కలలోను, ఉప్పునీట నానిన డొక్కలలోను ఇది హెచ్చు. లేతవేళ్లు మాడి నారంతయు నష్టమగును. కావున పొట్టును మంచినీట నానవేసి పిండి, ఆ నీరు పాఱబోసి, రెండుమూడు మార్లట్లు చేయవలయును. కడిగిన నీటిని కాలువలోనికి వదలరాదు. ఉప్పును సహించు కొబ్బరితోటకు మఱల్పవచ్చును.

రెండవది నత్రజని కొఱత. పొట్టులో ఒకపాలు నత్రజనికి కర్బనము 100 పాళ్లకు మించియుండును. దానిని కుళ్లించు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే గ్రహించుటచే మొక్క పసుపుబాఱును. దీనికి మాగవేయుటయే మందు. 1 టన్ను పొట్టునకు 5 కిలోల యూరియా, 5 సీసాల ముత్యపుచిప్ప పుట్టగొడుగు విత్తనము చాలును. 100 కిలోల పొట్టు పఱచి దానిపై ఒక సీసా విత్తనము, మరల 100 కిలోలు పఱచి 1 కిలో యూరియా, ఈ వరుసను నీడలో మీటరెత్తు వఱకు పేర్చి, తడి యాఱకుండ నీరు చల్లవలయును. ఒకటి రెండు మాసములలో పొట్టు నల్లబడి మెత్తనగును. కర్బనము 24 పాళ్ల దాపునకు దిగును.

మాగిన పొట్టులో సైతము మొక్కకు చాలునంత బలము లేదు. కుండీలకు ఎఱ్ఱమట్టి, చివికిన పశువుల యెరువు, పొట్టు సమభాగములుగ కలుపుట మేలు.

కడుగు తొట్టి, మాగవేయు పాక, ఉప్పు కొలుచు పరికరము ఒక్కొక్క రైతు సమకూర్చుకొనుట దుర్లభము. సంఘము పేర నొకచోట నేర్పఱచుకొన్నచో ఖర్చు పంచుకొనబడును, సరకు ఒకే తీరున నుండును, అమ్మకపు బేరము మన చేతిలో నుండును. డొక్కలను కారుచౌకగా నమ్మి, ఆ పొట్టునే పిదప హెచ్చువెలకు కొనుట మనకు తగదు. కాన సభ్యులెల్లరు ఈ విషయమును రాబోవు సమావేశమున చర్చింతురు గాక.