పాత జీపుకు మరమ్మతే మొదటి మార్పు

శ్రీశైలం–దోర్నాల మార్గం నుంచి నల్లమల లోపలికి చీలి ఇష్టకామేశ్వరి ఆలయానికి వెళ్లే బాట మీద గానీ, ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి సన్నిధికి సాగే రాళ్లదారిలో గానీ మామూలు కారు నడవదు. నడవలేని భక్తులను అక్కడికి చేరవేసేవి జీపులే. బొర్రా గుహల దగ్గరి నుంచి కటికి జలపాతం వైపు పర్యాటకులను తీసుకువెళ్లేవీ అవే. రోడ్డు లేని చోట బండి నడపడం నగరాలలో వారాంతపు సరదాగా మారకముందే, తెలుగునేల మీద అది కొండ ప్రాంతాల బతుకుతెరువుగా స్థిరపడింది. బతుకుతెరువు కోసం నడిపే బండికి కమాన్ కట్ట, క్లచ్, బ్రేకు ముఖ్యమవుతాయే తప్ప పైపై హంగులు కావు. పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కొని, బాగు చేయించి, వికారాబాద్ అనంతగిరి కొండల వైపో అరకు వైపో వెళ్లాలనుకునే నగరవాసి మొదట గ్రహించవలసింది ఈ ప్రాధాన్య క్రమాన్నే.

హైదరాబాద్‌లో ఈ అభిరుచి ఎక్కువగా కనిపించే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ల నుంచి కొండ దిగితే వచ్చే బోరబండ, ఆ పక్కనే ఉన్న ఎర్రగడ్డ, సనత్‌నగర్ ఇనుముతో పనిచేసే చేతుల ప్రాంతాలు. 1942లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ సనత్‌నగర్‌లో బస్సు బాడీల నుంచి ఫ్రిజ్‌ల వరకు తయారుచేసింది. అదే సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో నెలకొల్పిన తేలికపాటి ట్రక్కుల కర్మాగారం 1980ల చివర్లో మహీంద్రా చేతికి వెళ్లింది. సనత్‌నగర్, బాలానగర్ కర్మాగారాల చుట్టూ పెరిగిన లేత్ పని, వెల్డింగ్, ఫిట్టింగ్ విద్యలకు పాత జీపు చక్కగా సరిపోయే బండి. దాని భాగాలలో అధికభాగం విప్పి, అరిగినచోట కొత్త బుష్ వేసి, బేరింగులు మార్చి, లేత్ మీద సరిచేసి తిరిగి బిగించగలిగినవి. కంప్యూటర్ తోడు లేకుండా చెవితో, చేతితో, కొలత పరికరంతో దోషాన్ని పట్టుకోగల చివరి తరం వాహనాలలో ఇవి ఉన్నాయి గనుక, వాటిని కాపాడుకోవడమంటే ఆ పనితనాన్ని కూడా కాపాడుకోవడమే.

భారతదేశంలో జీపు చరిత్ర రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ బండ్లతో మొదలవుతుంది. 1945లో ఏర్పడిన మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపులను ముంబయిలో బిగించడం ప్రారంభించింది. తరువాతి దశాబ్దాలలో సీజే–3బీ, ఎంఎం–540 వంటి రకాలు పోలీసు, నీటిపారుదల, అటవీ శాఖల బండ్లుగా ఊరూరా కనిపించాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ పెట్రోలు ఇంజినుతో, దాదాపు ఒక టన్ను బరువుతో తేలికపాటి ప్రత్యామ్నాయమైంది, సైన్యమూ దానిని విస్తారంగా వాడింది. 2010లో మహీంద్రా థార్ రంగప్రవేశం చేసింది. ఈనాడు అభిరుచి గలవారు వెతికి కొనే పాత బండ్లు ప్రధానంగా ఈ మూడు కుటుంబాలవే.

వీటి నిర్మాణ సూత్రం ఒక్కటే. ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్‌లోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి చేరుతుంది. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు శక్తిని పంచిపెట్టే రెండో గేరు పెట్టె ఇదే. డ్రైవరు పక్కన ఉండే చిన్న లివరుతో వెనుక చక్రాలకు మాత్రమే శక్తినివ్వడం, నాలుగింటికీ ఇవ్వడం, నాలుగింటికీ లోగేరులో ఇవ్వడం సాధ్యమవుతుంది. లోగేరులో వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం అంతే మేరకు పెరుగుతుంది కాబట్టి, ఏటవాలు దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజిన్ పట్టుతోనే బండిని నెమ్మదిగా దించవచ్చు. తారు రోడ్డు మీద నాలుగు చక్రాల అమరిక వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఆ తేడాను సర్దే ఏర్పాటు ఈ పాత ట్రాన్స్‌ఫర్ కేసులలో లేదు, మట్టిలో చక్రం కాస్త జారి ఆ ఒత్తిడిని వదిలించుకుంటుంది గానీ గట్టి రోడ్డు మీద ఆ భారమంతా గేర్ల పళ్ల మీద పడుతుంది.

ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడాను సర్దేది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రాన్ని ఎక్కువ తిరగనిచ్చే ఈ ఏర్పాటే బురదలో ప్రతికూలమవుతుంది. పట్టు లేని చక్రం తేలికగా తిరుగుతుంది కాబట్టి శక్తి అటే పోతుంది, గట్టి నేల మీద ఉన్న రెండోది కదలకుండా నిలబడిపోతుంది. నాలుగు చక్రాలకు శక్తి అందే బండి కూడా ముందొక చక్రం, వెనుకొక చక్రం గాలిలో తేలితే అక్కడే ఆగిపోవడానికి కారణం ఇదే. రెండింటినీ కలిపి తిప్పే డిఫ్‌లాక్ దీనికి పరిష్కారం. అయితే, దాని కంటే ముందు చక్రాలను నేల మీద ఉంచగలిగేంత మెత్తగా కదిలే కమాన్ కట్టలు ఉండాలి.

మరమ్మతు ఛాసిస్ నుంచి మొదలవుతుంది. రంగు కొత్తగా మెరుస్తున్న పాత బండిలో తుప్పు దాగి ఉండే చోట్లు కమాన్ కట్టలను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, బాడీ బోల్టులు కూర్చునే చోట్లు, ఫ్లోరు అంచులు. లోపల బోలుగా ఉండే ఛాసిస్ పట్టీలలోకి బురదనీరు చేరి నిలిస్తే తుప్పు ఇనుమును లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి ఇనుము మోగే తీరు వేరు, తుప్పు తిన్న ఇనుము పలికే మొద్దు శబ్దం వేరు. పల్చబడిన చోట పైన రేకు అతికించడం మరమ్మతు అనిపించుకోదు. చెడిన భాగాన్ని గట్టి ఇనుము వచ్చే వరకు కోసి, అదే మందం గల ప్లేటును వెల్డింగ్ చేయాలి. ఛాసిస్ మీద పొడిచిన నంబరు రిజిస్ట్రేషన్ కార్డులోని నంబరుతో సరిపోతోందో లేదో, వేలంలో వచ్చిన సైనిక వాహనమైతే దాని పత్రాలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడవలసింది కూడా ఈ దశలోనే, డబ్బు చేతులు మారక ముందే.

తరువాత ముందు ఇరుసు. స్టీరింగ్ వణుకుతోందంటే చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేయిస్తారు. డ్యాంపర్ వణుకును తగ్గించి చూపుతుంది తప్ప దాని కారణాన్ని తొలగించదు. కింగ్‌పిన్ బేరింగులు, టైరాడ్ ఎండ్లు, చక్రపు బేరింగులు, కమాన్ బుష్షులు – వీటిలో ఎక్కడ ఆట ఉందో చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపితే, మరొకరిని స్టీరింగ్ తిప్పమని కింద నుంచి గమనిస్తే తెలిసిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులలో గ్రీజు ఎండిపోతే గేరు వేసినప్పుడు టక్కుమనే శబ్దం వస్తుంది. ఇరుసు గొట్టాల చివరి ఆయిల్ సీళ్లు కారుతుంటే ఆ నూనె బ్రేకు లైనింగుల మీదికి చేరుతుంది. చూడటానికి చిన్న మరక, ఘాట్‌లో దాని ఫలితం మాత్రం ప్రాణాంతకం. ఈ పనులలో ఏదీ ఫొటోలో కనిపించదు, అయినా దారి లేని చోట బండి విశ్వసనీయత నూటికి తొంభై పాళ్లు వీటి మీదే ఆధారపడుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇంజిన్ విషయంలో పెట్రోలు బండికి, డీజిలు బండికి సమస్యలు వేరు. 2000కు ముందటి జిప్సీలలో ఉండే కార్బొరేటర్ తన గిన్నెలోని పెట్రోలు మట్టాన్ని తేలే ఫ్లోటుతో నియంత్రిస్తుంది; బండి బాగా వాలినప్పుడు ఆ మట్టం తారుమారై ఇంజిన్ ఆగిపోతుంది, ఎక్కే దారి సగంలో అలా ఆగడం ప్రమాదకరం. 20 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, గాస్కెట్లను పాడుచేయవచ్చు కాబట్టి వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చుకోవడం మంచిది. పాత డీజిలు ఇంజిన్లు ఇంధనం, గాలి సక్రమంగా అందితే చాలు నడుస్తాయి గానీ, లోగేరులో గంటకు అయిదారు కిలోమీటర్ల వేగంతో వేసవిలో కొండ ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉంటే వేడి వెంటనే పెరుగుతుంది.

ఇంత జరిగిన తరువాతే మార్పుల ప్రస్తావన రావాలి. ఎందుకంటే ప్రతి మార్పూ తన భారాన్ని పక్క భాగానికి అప్పగిస్తుంది. పెద్ద టైర్లు ఇందుకు మంచి ఉదాహరణ. జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 30 అంగుళాల, అంటే 762 మిల్లీమీటర్ల టైరు వేస్తే ఇరుసు నేల నుంచి 47 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. రాళ్ల మీద అది నిజమైన లాభం. అదే టైరు వల్ల నేల మీద అందే లాగుడు బలం సుమారు 12 శాతం తగ్గుతుంది, స్పీడోమీటరు 88 చూపినప్పుడు బండి 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, బ్రేకుకు పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ కీళ్ల మీద, ఇరుసు షాఫ్టుల మీద బరువు పెరుగుతుంది. పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే క్రౌన్ పినియన్ మార్చి ఇరుసు గేరు నిష్పత్తిని పెంచాలి. ఒక పని మూడు పనులవుతుంది.

కమాన్ కట్టలకు పట్టీలు చేర్చో, పొడవైన షాకిల్ వేసో బండిని ఎత్తు చేయడం గురించి ఒక అపోహ బలంగా ఉంది. ఇలాంటి ఎత్తు ఛాసిస్‌ను, బాడీని పైకి లేపుతుంది తప్ప, నిలువెల్లా ఒకే గొట్టంగా ఉండే ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండును అంగుళం కూడా లేపదు. రాయికి మొదట తగిలేది ఆ గుండే, దానిని పైకి లేపగలిగేది టైరు మాత్రమే. ఎత్తు పెంచినందువల్ల పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది, ముందు వెనుకల అంచులు వాలుకు తగలకుండా ఉంటాయి. మరోవైపు గురుత్వకేంద్రం పైకి జరిగి పక్కకు బోల్తాపడే ముప్పు పెరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి క్రాసులు త్వరగా అరుగుతాయి, బ్రేకు రబ్బరు గొట్టం పొడవు చాలక బిగుసుకుపోతుంది. అదనంగా చేర్చిన పట్టీలు కమాన్‌ను మొండిచేసి చక్రాన్ని నేలకు అందకుండా చేస్తే, ఆ మార్పు అసలు ఉద్దేశానికే విరుద్ధం. ఒకటి రెండు అంగుళాలకు మించని ఎత్తు, మంచి షాక్ అబ్జార్బర్లు సాధారణ అడవిదారులకు సరిపోతాయి. ఖర్చే లేని మార్పు మరొకటి ఉంది: మామూలుగా 28 పౌండ్లు ఉండే టైరు గాలిని ఇసుకలోనో రాళ్లలోనో 18–20కి తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుని పట్టు పెంచుకుంటుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి గనుక చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి.

వాగు దాటడానికి చాలామంది స్నార్కెల్ పెట్టిస్తారు. ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే ఈ గొట్టం అవసరమే. నీరు సిలిండర్‌లోకి చేరితే, నీటిని కుదించడం వీలుకాదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దానికంటే తరచుగా జరిగే నష్టం మాత్రం ఇరుసులలో జరుగుతుంది. నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. దాని గాలి రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో ఎత్తున కడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. కొద్దిపాటి ఖర్చుతో అయ్యే ఈ పనిని ఎందరో విస్మరించడం విచారకరం. ఇరుక్కున్న బండిని లాగేందుకు ఛాసిస్‌కు గట్టి బోల్టులతో బిగించిన కొక్కేలు ముందు వెనుకలా ఉండాలి, బంపరుకు తాడు కట్టడం ఎప్పటికీ తగదు. విడిపోయిన కొక్కెం తూటాలా ఎగిరివస్తుంది.

చట్టం వైపు నుంచి చూస్తే పరిధి చిన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టంగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలను కోరింది. 15 ఏళ్లు నిండిన సొంత వాహనానికి తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కాబట్టి, ఇంజిన్ మార్పు వంటి పెద్ద పని ఏదైనా రవాణా శాఖ ముందస్తు అనుమతితోనే జరగాలి. మరమ్మతుకు ఈ చిక్కులేవీ లేవు, కంపెనీ ఇచ్చిన స్థితికి బండిని తీసుకురావడాన్ని ఏ చట్టమూ ఆపదు. నల్లమలలోని అమ్రాబాద్ వంటి పులుల అభయారణ్యాలలోకి అనుమతి లేకుండా బండి తీసుకువెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఎంత చక్కగా సిద్ధం చేసిన జీపైనా ఆ గేటు దగ్గర ఆగవలసిందే.

ప్రయాణం నుంచి తిరిగివచ్చిన బండికి ఆ వారంలోనే మళ్లీ పని ఉంటుంది. ఛాసిస్ కింద, కమాన్ పట్టీల మధ్య అంటిన మట్టిని నీటితో కడిగించాలి, యూ–బోల్టులను మళ్లీ బిగించాలి, గ్రీజు నిపుల్స్‌లో పాతది బయటకు వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి. వాగు దాటి ఉంటే డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసుల డ్రెయిన్ ప్లగ్గులు కాస్త వదులుచేసి నూనె రంగు చూడాలి. పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే నీరు చేరినట్టే, బండిని మళ్లీ బయటకు తీయకముందే ఆ నూనెను పూర్తిగా మార్చాలి.